క్యాండీ స్టేటన్: పత్తి చేను, చర్చి, క్లబ్బు... ఈవిడ పాటలు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పాతరికార్డు (ఆదివారం రాత్రి 9.40)

పొద్దున ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ పుస్తకాలకని వెళ్ళి పాత ఎల్పీ రికార్డుతో తిరిగొచ్చాను. అట్ట మీద ఎంత దుమ్ముందంటే బొమ్మ ఎవరిదో తెలియలేదు. రుమాలుతో తుడిస్తే "యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ", అమెరికా సోల్ గాయని క్యాండీ స్టేటన్, 1976. 400 అన్నాడు, 250కి ఇచ్చాడు. ఒక చోట సూది ఎగురుతోంది గానీ మిగతాదంతా బానే ఉంది.

టైటిల్ పాట కాలేజీ రోజుల నుంచీ తెలుసు. హుషారైన డిస్కో పాట అనుకునేవాణ్ణి. పోయినేడాది దాని వెనక కథ చదివాక మళ్ళీ మునుపటిలా వినలేకపోయాను. అప్పట్లో ఆవిడ తనని హింసించే మనిషితో ఉంటోంది. నిర్మాత, రచయిత డేవిడ్ క్రాఫర్డ్ నీ బతుకులో ఏం జరుగుతోందని అడిగితే ఉన్నదంతా చెప్పుకుంది. అదంతా విని ఆయన రాసిన పాట ఇది. మాటలు పట్టించుకోకుండా వింటే గెంతుతాం, పట్టించుకుంటే ఎవరో పెద్దమ్మ మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు మాత్రం నాలా ఇరుక్కోకే అని చెబుతున్నట్టుంటుంది. అమెరికా ఆర్ అండ్ బీ (నల్లవాళ్ళ సంగీతం) చార్టులో మొదటి స్థానం, పాప్ చార్టులో 20, బ్రిటన్‌లో 2.

కథ మొదలు అలబామాలో హాన్స్‌విల్ అనే చిన్న ఊరు. నల్లవాళ్ళకి వేరే బడి, వేరే బస్సు సీటు ఉన్న కాలం. పత్తి చేలల్లో పని. తండ్రి తాగేవాడు. తల్లి పిల్లల్ని తీసుకుని ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కి వెళ్ళిపోయింది. ఐదేళ్ళకే చర్చిలో పాడటం మొదలుపెట్టిన ఈ పిల్ల, అక్క మ్యాగీ అక్కడ ఒక బిషప్ కంట్లో పడ్డారు. బిషప్ అంటే మగాయన అనుకునేరు, ఆవిడ పేరు బిషప్ జ్యూయెల్. నాష్‌విల్‌లో ఆవిడ నడిపే బడిలో చేర్చుకుని, నేయోమీ హారిసన్ అనే ఇంకో అమ్మాయిని కలిపి జ్యూయెల్ గాస్పెల్ ట్రియో అని పేరు పెట్టింది. 1950లలో ఈ ముగ్గురు పిల్లలూ మహేలియా జాక్సన్, శామ్ కుక్ ఉన్న సోల్ స్టిరర్స్ బృందం లాంటి పేరుమోసినవాళ్ళు పాడే వేదికల మీదే పాడారు. మనవైపు పన్నెండేళ్ళ పిల్ల ఘంటసాల కచేరీకి ముందు పాడినట్టు అనుకోండి.

మిగతాది రేపు. ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

బేస్‌లైన్_బాబు (ఆదివారం రాత్రి 10.15)

చెయ్యెత్తాను. తెలియకే అడుగుతున్నా, నవ్వకండి. సోల్ అంటే ఏంటి అసలు? ఆర్ అండ్ బీ, సోల్, గాస్పెల్, ఫంక్... నాకు అన్నీ ఒకేలా వినబడతాయి.

క్వయర్_కుర్రాడు (ఆదివారం రాత్రి 11.02)

ఇందులో నవ్వేదేముంది బాబూ. గాస్పెల్ ప్రభువు గురించి పాడతారు. అదే రాగం, అదే చప్పట్లు, అదే గొంతు తీసుకెళ్ళి అమ్మాయి గురించో అబ్బాయి గురించో పాడితే సోల్. ఇది ఏదో పోలికకి అంటున్నది కాదు, నిజంగా అలాగే పుట్టింది. 1954లో రే చార్లెస్ కారులో రేడియోలో ఒక గాస్పెల్ పాట విని, ప్రభువు ఉన్న చోట ఆడమనిషిని పెట్టి "ఐ గాట్ ఎ వుమన్" చేశాడు. చర్చి పెద్దలు మండిపడ్డారు. 1957లో శామ్ కుక్ సోల్ స్టిరర్స్‌ని వదిలి పాప్ వైపు వెళ్ళినప్పుడూ అంతే.

ఈ గొడవ నాకు బాగా తెలుసు. మాది ప్రకాశం జిల్లా, మా నాన్న సంఘంలో పెద్ద. పదిహేనేళ్ళు క్వయర్‌లో పాడాను. ఇంటర్‌లో ఉండగా కాలేజీ యాన్యువల్ డేకి ఒక సినిమా పాట పాడితే, ఆదివారానికల్లా పాస్టరు గారికి తెలిసిపోయింది. "లోక పాటలు పాడిన నోటితో..." అని మొదలుపెట్టారు. నెల రోజులు నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ఇంతకీ నేను పాడింది అన్నమయ్య సినిమాలో పాట. దాంతో అది డబుల్ తప్పు అయింది.

అందుకే క్యాండీ పాటలు వింటుంటే ఒక్కటే అనిపిస్తుంది. ఈవిడ ఏం పాడినా పాస్టరు వెనకే నిలబడి ఉన్నట్టు పాడుతుంది.

పల్నాడు_పద్మ (సోమవారం ఉదయం 6.20)

నేను పాటల గురించి చెప్పేంతదాన్ని కాదు, పత్తి గురించి చెబుతా. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి దాకా సీజన్‌లో బడి మానేసి పత్తి తీతకి వెళ్ళేదాన్ని.

పత్తి మెత్తన అని అందరూ అంటారు. మెత్తన పత్తిది, కాయది కాదు. విచ్చుకున్న కాయ డిప్పలు ఎండి మొనలు తేలి ఉంటాయి. ఒక్కో కాయకీ వేళ్ళు లోపలికి పోవాలి, గోరు పక్క చర్మం లేచిపోతుంది. తీస్తున్నప్పుడు తెలియదు. రాత్రి అన్నంలో పచ్చడి కలుపుకున్నప్పుడు తెలుస్తుంది. ఒళ్ళో పాత చీర గుడ్డ కట్టుకుని అందులో వేసుకుంటూ పోవడం, సాయంత్రం తూకం, కిలోకి ఇంత అని కూలీ. నడుం ఎత్తితే ఆ రోజు కూలీ తగ్గినట్టే.

మా చేలో రమణమ్మత్త అని ఒకావిడ ఉండేది. ఆవిడ ఎత్తుకుంటే మేం అందుకునేవాళ్ళం. నాలుగు సాళ్ళ అవతల ఉన్నవాళ్ళకి వినబడాలి గదా, అందుకని ఆవిడ గొంతు పొట్టలోంచి వచ్చేది. నిన్న రాత్రి పాతరికార్డు గారు చెప్పిన పాట యూట్యూబ్‌లో పెట్టాను. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. ఆ ఎత్తుకోవడం మాత్రం నాకు తెలిసిందే.

బేస్‌లైన్_బాబు (సోమవారం ఉదయం 8.05)

పద్మక్కా, చేతులు కనబడ్డాయి.

ఆవిడ పుట్టింది 1943 అని ఎక్కడో చదివాను. అంటే ఆ ట్రియోలో చేరేనాటికి మరీ చిన్నపిల్లా?

పాతరికార్డు (సోమవారం రాత్రి 9.10)

1943 కాదు, 1940 మార్చి 13. అసలు పేరు క్యాంజెట్టా మరియా స్టేటన్. పద్మ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

సరే, రెండో భాగం. ట్రియో తర్వాత పెళ్ళి, నలుగురు పిల్లలు. మొగుడికి అనుమానం, పాట లేదు. కొన్నేళ్ళు అలా పోయాయి. బయటపడి 1968లో బర్మింగ్‌హామ్‌లో (ఇంగ్లండ్ కాదు, అలబామాలోది) ఒక నైట్‌క్లబ్బులో మైకు పట్టుకుంది. పాడింది అరీతా ఫ్రాంక్లిన్ అనే పెద్ద సోల్ గాయని పాట "డూ రైట్ వుమన్". చర్చి పిల్ల క్లబ్బులోకి అడుగుపెట్టింది ఆ రాత్రి. అంటే డిస్కో కంటే ముందే క్లబ్బు ఉంది ఆవిడ జీవితంలో. కాకపోతే అది పొగ, బీరు, చిన్న స్టేజీ ఉన్న క్లబ్బు.

అక్కడ క్లారెన్స్ కార్టర్ విన్నాడు. పుట్టుగుడ్డి గాయకుడు, అప్పటికే "స్లిప్ అవే" హిట్టు. ఆయన ద్వారా అలబామాలోనే మజిల్ షోల్స్ అనే ఊళ్ళో ఫేమ్ స్టూడియో యజమాని రిక్ హాల్ దగ్గరికి వెళ్ళింది. ఫేమ్ అంటే ఫ్లోరెన్స్ అలబామా మ్యూజిక్ ఎంటర్‌ప్రైజెస్, అంతే, కీర్తి గీర్తి ఏమీ లేదు. 1967లో అరీతా వచ్చి "ఐ నెవర్ లవ్డ్ ఎ మాన్" పాడి వెళ్ళింది అక్కడే. విచిత్రం ఏంటంటే, అంత నల్లగా వినబడే ఆ రికార్డు మీద వాయించింది ఎక్కువగా తెల్లకుర్రాళ్ళు. అలబామాలో, ఆ రోజుల్లో!

క్యాండీ మొదటి ఫేమ్ సింగిల్ 1969లో. పేరు తెలుగులో చెప్పాలంటే "కుర్రాడికి వెర్రిదాన్నయ్యే కంటే ముసలాడికి ముద్దులదాన్ని కావడం మేలు". నవ్వండి పర్లేదు, పాట అలాగే ఉంటుంది. తర్వాత ట్యామీ వైనెట్ కంట్రీ పాట "స్టాండ్ బై యువర్ మాన్" తీసుకుని పాడింది, గ్రామీ నామినేషన్. ఎల్విస్ పాడిన "ఇన్ ద ఘెట్టో"ని 1972లో తీసుకుంది, మళ్ళీ నామినేషన్. మధ్యలో 1970లో కార్టర్‌నే పెళ్ళి చేసుకుంది, 1973కి విడిపోయారు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే సంగతి ఒకటుంది. రిక్ హాల్ ఈవిడ చేత పాడించి, మళ్ళీ పాడించి, గొంతు బొంగురు పోయేదాకా పాడించేవాడట. ఆవిడే చెప్పుకుంది. ఆయనకి కావలసింది ఆ చిరుగు. ఆ ఫేమ్ పాటల్లో పైకి వెళ్ళేటప్పుడు గొంతు అంచు కొద్దిగా చినుగుతుంది చూడండి. శ్రుతి మాత్రం పోదు.

శారద_అట్లాంటా (సోమవారం రాత్రి 11.55)

ఫేమ్ స్టూడియో ఇప్పటికీ ఉంది, టూర్ కూడా ఉంది. మూడేళ్ళ క్రితం పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌లో మా ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళాను. నాలుగు గంటల పైనే డ్రైవింగ్. బయటి నుంచి చూస్తే మన ఎరువుల గోడౌన్ లాగే ఉంటుంది, "దీనికోసమా?" అన్నాడు మా ఆయన. లోపల పాత వుర్లిట్జర్ పియానో చూపించారు. మా చిన్నది వెళ్ళి ఒక మెట్టు నొక్కేసింది, గైడ్ ఏమీ అనలేదు. పర్లేదమ్మా, ఇక్కడందరూ అదే చేస్తారు అన్నాడు.

పాతరికార్డు గారూ, మీరు 1982 సంగతి మరిచిపోకండి. మా అట్లాంటా కథ అది. తాగుడుకి బాగా అలవాటుపడిపోయి, ఒక దశలో అంతా వదిలేసి ఆవిడ తిరిగి చర్చికి వెళ్ళిపోయింది. డ్రమ్మర్ జాన్ ససెవెల్‌ని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కలిసి ఇక్కడ బెరాకా మినిస్ట్రీస్ పెట్టారు. 1983లో మొదలుపెట్టి వరసగా గాస్పెల్ ఆల్బమ్‌లు, క్రైస్తవ టీవీలో సొంత కార్యక్రమం. ఇక్కడి మా ఆఫీసులో ఒక పెద్దావిడకి ఆవిడ టీవీ మనిషిగానే తెలుసు. డిస్కో పాటలు పాడిందంటే నమ్మలేదు.

క్రాయిడన్_డాక్టరు (మంగళవారం ఉదయం 5.30)

నైట్ డ్యూటీలో ఖాళీ దొరికి చదివాను, రాయకుండా ఉండలేకపోయాను.

నేను 1990లో ఈ దేశం వచ్చాను. మిడ్‌లాండ్స్‌లో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌ని. సూట్‌కేసులో ఊరగాయ, రెండు స్వెటర్లు, పన్నెండు ఇళయరాజా క్యాసెట్లు. 1991 ఫిబ్రవరి, గల్ఫ్ యుద్ధం వార్తలు టీవీలో ఎప్పుడూ నడుస్తుండేవి. ఒక శనివారం తోటి డాక్టర్లు బలవంతంగా క్లబ్బుకి లాక్కెళ్ళారు. నాకు అది నచ్చలేదు, నిజం చెబుతున్నా. చెవులు పగిలే చప్పుడు, పొగ యంత్రం, గోడకి ఆనుకుని కోకాకోలా పట్టుకుని నిలబడ్డాను.

రెండు దాటాక ఒక పాట వచ్చింది. మొదట సింథసైజర్ ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తోంది, గిలక మీద తాడు తిరుగుతున్నట్టు. దాని మీద ఒక ఆడగొంతు వచ్చింది. అరుపు కాదు, ఏడుపూ కాదు. అప్పుడప్పుడూ ఇక నావల్ల కాదు అనిపిస్తుంది అని మొదలుపెట్టి, అయినా నీ ప్రేమ ఉందిగా అంటోంది. అక్కడున్న మూడొందల మందీ చేతులు పైకెత్తారు. మా కాకినాడలో ఉజ్జీవ కూటాల్లో చూసిన దృశ్యం అది, కాకపోతే చేతుల్లో బైబిలు బదులు సిగరెట్లు. నేను హిందువునే, మా వీధి చివర చర్చి ఉండేది, అందుకని తెలుసు.

తర్వాత తెలిసింది అది "యూ గాట్ ద లవ్", గొంతు క్యాండీ స్టేటన్‌ది అని. ఆ నెల బ్రిటన్ చార్టులో 4వ స్థానానికి వెళ్ళింది. ఇంకా చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆ "నీ ప్రేమ" ప్రియుడిది కాదని.

బేస్‌లైన్_బాబు (మంగళవారం ఉదయం 9.00)

ఆగండాగండి. 1982లోనే ఈ పాటలు వదిలేసి చర్చికి వెళ్ళిపోయిందన్నారు కదా. 1991లో ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఎలా?

డీజే_మల్లి (మంగళవారం మధ్యాహ్నం 1.25)

ఇది నా సబ్జెక్ట్, నేను చెబుతా. కరీంనగర్ నుంచి నమస్తే.

ఆ పాట 1986లో రికార్డయింది. బాగా లావుగా ఉండి బరువు తగ్గాలని తంటాలు పడే ఒక మనిషి మీద వీడియో తీస్తున్నారు, దానికోసం పాడింది. అంటే గాస్పెల్ గాయని, ధైర్యం చెప్పే పాట, క్లబ్బుతో ఏ సంబంధమూ లేదు. అయితే ఆ పాటకి వట్టి గొంతు ట్రాక్ ఒకటి బయట దొరికింది. దాన్ని మేం అకపెల్లా అంటాం, వెనక వాయిద్యం ఏదీ ఉండదు. డీజేకి అకపెల్లా దొరికిందంటే వంటవాడికి మసాలా దొరికినట్టే.

ఇంకోవైపు షికాగో. అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బులో 1977 నుంచి ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వేసేవాడు. హౌస్ మ్యూజిక్ అనే క్లబ్బు డాన్సు సంగీతానికి ఆ పేరొచ్చింది ఆ క్లబ్బు నుంచే. జేమీ ప్రిన్సిపల్ పాట "యువర్ లవ్"ని ఫ్రాంకీ నకల్స్ చేశాడు కదా, డాక్టరు గారు చెప్పిన ఆ గిలక తాడు అదే. ఎరెన్ అనే డీజే ఆ వాయిద్యం మీద ఈ గొంతు పెట్టి బూట్‌లెగ్ చేశాడు, అంటే ఎవరి అనుమతీ లేకుండా. రెండు పాటలూ ఒకదానికొకటి తెలియకుండా పుట్టినవి. శ్రుతి కలిసింది, కాలప్రమాణం కలిసింది. ఇలా కలవడం లాటరీ. నేను వందసార్లు ట్రై చేస్తే మూడుసార్లు కలిసుంటుంది, మిగతా తొంభై ఏడుసార్లు గాయని ఎవరినో తరుముతున్నట్టు వినబడుతుంది.

బూట్‌లెగ్ క్లబ్బుల్లో పేలిపోయాక 1991లో ద సోర్స్ పేరుతో, ఫీచరింగ్ క్యాండీ స్టేటన్ అని అధికారికంగా వచ్చింది. 1997లో మళ్ళీ కొత్త రీమిక్స్, 3వ స్థానం. 2006లో ఇంకోసారి, 7. ఒకే గొంతు, ఒకేసారి పాడింది, పదిహేనేళ్ళలో మూడుసార్లు టాప్ టెన్. 2009లో ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్ వాళ్ళు పాడిన తర్వాత చిన్నపిల్లలు అది ఫ్లోరెన్స్ పాటే అనుకుంటున్నారు, అది వేరే బాధ.

రామం_మాస్టారు (మంగళవారం సాయంత్రం 6.48)

మీరంతా మురిసిపోతున్నారు గానీ, ఒకావిడ దేవుడి కోసం పాడిన పాటని ఆవిడని అడగకుండా ఎత్తుకెళ్ళి తాగి గెంతేవాళ్ళ మధ్య పెట్టారు. నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మా లెక్కలో దీన్ని దొంగతనం అంటారు.

డీజే_మల్లి (మంగళవారం సాయంత్రం 7.10)

సార్, అధికారికంగా వచ్చినప్పుడు పేరు వేశారు కదా. ఆ పాట వల్లే ఇంగ్లండ్‌లో కొత్త తరానికి ఆవిడ తెలిసింది. 2008లో గ్లాస్టన్‌బరీ సంగీత మేళాలో పాడింది.

రామం_మాస్టారు (మంగళవారం సాయంత్రం 7.22)

ముందు ఎత్తుకెళ్ళి తర్వాత పేరు వేస్తే సరిపోతుందా నాయనా?

పాతరికార్డు (మంగళవారం రాత్రి 10.30)

మాస్టారూ, మీ కోపం న్యాయమే, కానీ గురి కొద్దిగా తప్పింది. అసలు దొంగతనం చూపిస్తాను ఉండండి.

లొలీటా హాలొవే. షికాగో మనిషి. ఆవిడా చర్చి పిల్లే, తల్లి నడిపే బృందంలో పాడి, ఆల్బర్టీనా వాకర్ గాస్పెల్ బృందం క్యారవాన్స్‌లో చేరింది. 1980లో డాన్ హార్ట్‌మన్ "లవ్ సెన్సేషన్" రాసి ఈవిడ చేత పాడించాడు. రిక్ హాల్‌కి తాత ఈయన. పదులసార్లు పాడించాడు. గొంతు పూర్తిగా పోతే కాఫీలో విక్స్ కలుపుకుని తాగి చివరి టేకు పాడానని ఆవిడే చెప్పింది. అవును, ముక్కుకి రాసుకునే విక్సే. ఎవరూ ప్రయత్నించకండి.

1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం ఆ పాటలోంచి గొంతు ముక్కలు కోసి "రైడ్ ఆన్ టైమ్" చేసింది. బ్రిటన్‌లో ఆరు వారాలు నంబర్ వన్, ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్. రికార్డు మీద లొలీటా పేరు లేదు. వీడియోలో, టీవీలో పెదాలు కదిపింది ఒక సన్నటి ఫ్రెంచి మోడల్. విక్స్ తాగి పాడిన మనిషి ఇంట్లో కూర్చుని చూసింది. లాయర్లు దిగాక డబ్బు ముట్టింది.

అదే బ్లాక్ బాక్స్ తర్వాతి పాటల్లో మార్తా వాష్ చేత పాడించుకుని మళ్ళీ ఆ మోడల్‌నే చూపించారు. 1990లో సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ పాట "గొనా మేక్ యూ స్వెట్" తెలుసుగా, జిమ్ముల్లో ఇప్పటికీ మోగుతుంది. అందులో కేక మార్తాది, వీడియోలో వేరే అమ్మాయి. మార్తా ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. ఆ కేసుల తర్వాత పాడినవాళ్ళ పేరు వేసే విషయంలో రికార్డు కంపెనీలు జాగ్రత్తపడ్డాయి.

క్యాండీది వేరే సంగతి. పాట అధికారికంగా వచ్చినప్పటి నుంచీ ఆవిడ పేరు దాని మీద ఉంది. ముఖాన్ని ఎవరూ మార్చలేదు. నా వరకూ గీత అక్కడ గీస్తాను. ముక్క కోసి అతికించడం తప్పనను, కోసిన గొంతుకి పేరు లేకుండా చేయడం తప్పంటాను.

రామం_మాస్టారు (మంగళవారం రాత్రి 10.51)

విక్స్ సంగతి తెలియదు. ఆ లొలీటాగారికి సంబంధించినంత వరకు నేను అన్నది అన్నట్టే. క్యాండీగారి విషయంలో సగం మార్కులు వెనక్కి తీసుకుంటున్నాను.

డీజే_మల్లి (బుధవారం రాత్రి 12.40)

ఒకటి చెప్పాలి, తిట్టుకోకండి. మా దగ్గర పెళ్ళి బరాతుల్లో మోగే డీజే పాటల్లో చాలా వరకు ఏదో ఊళ్ళో ఏదో ఆడమనిషి పాడినవే. బతుకమ్మ దగ్గరో, నాట్లేసేటప్పుడో ఫోన్‌లో రికార్డు చేసుకొస్తాం. కింద డప్పు బీటు, మధ్యమధ్యలో మన డీజే పేరు అరిపిస్తాం. పాడినావిడ పేరు ఎక్కడా ఉండదు. నేను చేసినవాటిలో ఒకటి లక్షల మంది విన్నారు. అది మా మేనత్త గొంతు.

పల్నాడు_పద్మ (బుధవారం ఉదయం 6.05)

ఆవిడ పేరు వేశావా మల్లీ?

డీజే_మల్లి (బుధవారం ఉదయం 8.15)

ఇంకా లేదక్కా.

క్వయర్_కుర్రాడు (బుధవారం మధ్యాహ్నం 2.30)

దేవుడి పాటని క్లబ్బులో పెట్టారని మాస్టారు గారు బాధపడ్డారు కదా, దాని గురించి ఒక మాట. 1990ల చివర ఆవిడ మళ్ళీ బయటి పాటలు పాడటం మొదలుపెట్టింది. అప్పుడూ చర్చివాళ్ళు కొందరు ముఖం తిప్పుకున్నారు. వాళ్ళ లెక్కలో ఇటో అటో ఉండాలి. నాకు మాత్రం ఈవిడ ఏ వైపుకీ మారినట్టు వినబడదు. 2006లో "హిజ్ హ్యాండ్స్" అని ఆల్బమ్ వచ్చింది, వినండి. పేరు చూస్తే దేవుడి చేతులు అనుకుంటాం. పాట వింటే ముందు మొగుడి చేతులు వస్తాయి, కొట్టిన చేతులు కూడా. అరవై దాటిన గొంతు, పై స్థాయి తగ్గింది, కింద బరువు పెరిగింది. నేను దాన్ని మా నాన్నకి వినిపించాను. పాట అయ్యేదాకా కదలకుండా విని, "ఈమె సాక్ష్యం చెబుతోందిరా" అన్నారు. లోక పాటా కాదా అని మాత్రం అడగలేదు.

శారద_అట్లాంటా (బుధవారం రాత్రి 8.20)

మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి.

కొత్తగా వినేవాళ్ళు "యూ గాట్ ద లవ్"తో మొదలుపెట్టకండి అని నా సలహా. ముందు ఫేమ్ పాటలు వినండి, 1969 నుంచి 1973 దాకా. తర్వాత "యంగ్ హార్ట్స్". ఆ తర్వాత క్లబ్బు పాట వింటే ఆ గొంతు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో తెలుస్తుంది.

క్రాయిడన్_డాక్టరు (బుధవారం రాత్రి 9.45)

శారదగారితో విభేదిస్తున్నాను. నాలాగా ఏమీ తెలియకుండా రాత్రి రెండింటికి గోడకి ఆనుకుని వినాలి. గొంతు ఎవరిదో తెలియకపోవడంలో ఒక సుఖం ఉంది. ఆ తర్వాత వెనక్కి తవ్వుకుంటూ పొండి. నాకు అలబామా చేరడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 2004లో ఆ పాత ఫేమ్ పాటలు చాలా కలిపి లండన్‌లో ఒక సీడీ వేశారు, అది మరుసటేడు కొన్నాక.

బేస్‌లైన్_బాబు (బుధవారం రాత్రి 10.10)

నేను రెండు రకాలుగానూ వింటా. ఆఫీసు బస్సులో ఫేమ్, ఇంటికొచ్చాక హౌస్. బై ద వే పాతరికార్డు గారూ, ఎల్పీలో సూది ఎగరడం తగ్గిందా?

పాతరికార్డు (బుధవారం రాత్రి 10.35)

తగ్గింది. గీత కాదు, గాడిలో గట్టిపడిన మురికి. గోరువెచ్చటి నీళ్ళలో చుక్క షాంపూ వేసి, పాత టూత్‌బ్రష్‌తో గాడి వెంబడే తుడిచాను. లేబుల్ తడవకుండా చూసుకోవాలి, అంతే.

పల్నాడు_పద్మ (గురువారం ఉదయం 6.40)

నిన్న సాయంత్రం మా అమ్మ బియ్యం ఏరుకుంటుంటే పక్కన ఫోన్ పెట్టి ఫేమ్ పాట ఒకటి వినిపించాను, శారదగారు చెప్పినవాటిలోదే. అమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చేట ఆపకుండానే మొత్తం విన్నది.

"ఎవరే ఈ పిల్ల? రమణమ్మలాగా ఎత్తుకుంటోంది" అన్నది.

పిల్ల కాదమ్మా, ఎనభై దాటాయి అన్నాను.

"అయితే పాట ఆపి కాసిని వేన్నీళ్ళు తాగమను" అని, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నది.